పాత ట్రాక్టరుకు ‘డైరెక్టు’ వద్దు, మరమ్మతే ముద్దు



డీజిలు ఇంజనుకు కరెంటుతో పనిలేదని మన పల్లెలలో ఒక మాట గలదు. ఆ మాటలో సగము నిజమున్నది. పెట్రోలు ఇంజనులో నిప్పురవ్వ పుట్టించుటకు ప్లగ్గు కావలెను. డీజిలు ఇంజనులో గాలిని గట్టిగా నొక్కినప్పుడు పుట్టెడు వేడికే నూనె అంటుకొనును. మీటను లాగి ఆపెడు పాత నమూనా ఇంజను ఒకసారి అందుకొన్న పిమ్మట కరెంటు లేకున్నను తిరుగుచునే ఉండును. ఈ కారణము చేతనే మనవారు ఇంజను ఆయిలు మార్చుటలో, ఫిల్టరు మార్చుటలో చూపు శ్రద్ధను విద్యుత్తు భాగములపై చూపరు.

మిగిలిన సగము సంగతి కూడ ఆలోచింపుడు. ఆ ఇంజనును మొదట తిప్పవలసినది సెల్ఫు మోటారు. సెల్ఫునకు కరెంటు నిచ్చునది బ్యాటరీ. బ్యాటరీని నింపునది డైనమో గాని ఆల్టర్నేటరు గాని. వీని నడుమ ఉండి, కరెంటు ఎప్పుడు పోవలెనో, ఎప్పుడు పోరాదో నిర్ణయించు చిన్న భాగములు కొన్ని గలవు. తాళపు స్విచ్చి, సెల్ఫు మోటారుపై నుండు సోలినాయిడు స్విచ్చి, గేరు వద్దనో క్లచ్చి వద్దనో ఉండు సేఫ్టీ స్విచ్చి, చార్జింగును అదుపుచేయు రెగ్యులేటరు, రిలేలు, ఫ్యూజులు ఇట్టివి. ఎద్దుకు ముకుతాడు ఎట్టిదో ట్రాక్టరుకు ఇవి అట్టివి. ముకుతాడు వెల స్వల్పమే. అది తెగిన ఎద్దు చేయు నష్టము స్వల్పము కాదు.

మన దేశములో తయారైన మొదటి ట్రాక్టరు 1959లో ఫరీదాబాదులో ఐషర్ సంస్థ నుండి వెలువడినది. తరువాత మరికొన్ని సంస్థలు వచ్చినవి. 1974లో పంజాబున స్వరాజ్ ట్రాక్టరు వచ్చినది. చెకోస్లొవేకియా సహకారముతో జెటార్ నమూనా ట్రాక్టర్లను తయారుచేసిన ప్రభుత్వ సంస్థ హెచ్.ఎం.టి.కి పింజోరులో గల ట్రాక్టరు విభాగమును మూసివేయుటకు 2016లో కేంద్ర మంత్రివర్గము నిర్ణయించినది. తయారీ నిలిచినను ట్రాక్టర్లు నిలువలేదు. 20, 30 ఏండ్లు దాటిన బండ్లు నేటికిని మన మళ్లలో దమ్ము చేయుచున్నవి, ట్రాలీలు లాగుచున్నవి. వానిలో ఇంజను గట్టిగానే ఉండును, గేరుపెట్టె గట్టిగానే ఉండును. మొదట ముసలితనము వచ్చునది విద్యుత్తు భాగములకే.

అట్టి భాగము చెడినప్పుడు రైతు ముందు మూడు దారులున్నవి. ఒకటి, దానిని బాగుచేయించుట. రెండు, క్రొత్తది వేయించుట. మూడు, ఆ భాగమును తప్పించి కరెంటును వేరొక తీగ ద్వారా నేరుగా పంపుట. ఈ మూడవ దారినే మన మెకానిక్కులు ‘డైరెక్టు చేయుట’ అందురు. మొదటి రెండింటిలో మీకు ఏది అనుకూలమో అది చేయుడు. మూడవది మాత్రము ఒక్క దినము కొరకైనను చేయవద్దు, చేయనీయవద్దు. ఈ వ్యాసమున నేను చెప్పదలచిన దింతే. ఎందుకో, మరమ్మతు ఎట్లు సులభమో క్రింద వివరింతును.

స్క్రూడ్రైవరుతో సెల్ఫు కొట్టుట

తాళము త్రిప్పినను సెల్ఫు పలుకనప్పుడు చాలమంది చేయు పని యిది. బండి దిగి, ఇంజను ప్రక్కన నిలిచి, సోలినాయిడు స్విచ్చి మీది రెండు బోల్టులను స్క్రూడ్రైవరుతోనో పానాతోనో కలుపుదురు. నిప్పులు చెదరును, సెల్ఫు తిరుగును, ఇంజను అందుకొనును. పని జరిగినదని సంతోషింతురు.

ఆ సమయమున మనిషి నిలిచిన చోటు ఎక్కడో గమనింపుడు. అతడు ముందు చక్రమునకు, వెనుక పెద్ద చక్రమునకు నడుమ నేలపై ఉన్నాడు. బండి మీద ఎవ్వరును లేరు. క్లచ్చిపై కాలు లేదు, బ్రేకుపై కాలు లేదు. బండి గేరులో ఉన్న యెడల, సెల్ఫు తిరిగిన క్షణముననే చక్రములు కదలును. డీజిలు ఇంజను ఒకటి రెండు చుట్లలోనే అందుకొని, ఆ గేరులోనే ముందుకు పోవును. గంటకు 3.6 కిలోమీటర్ల వేగము మనిషి తీరికగా నడచు వేగము కన్న తక్కువ. ఆ వేగమున కూడ బండి సెకనుకు ఒక మీటరు కదలును. వెనుక చక్రమునకు, అతనికి నడుమ దూరము తరచుగా మీటరు కూడ ఉండదు. తప్పుకొనుటకు అతనికి సమయమెక్కడిది?

సేఫ్టీ స్విచ్చి ఉన్నది దీని కొరకే. గేరు న్యూట్రలులో లేకున్నను, కొన్ని నమూనాలలో క్లచ్చి తొక్కకున్నను, ఈ స్విచ్చి సెల్ఫునకు కరెంటు పోనీయదు. స్క్రూడ్రైవరుతో సోలినాయిడు బోల్టులను కలిపినప్పుడు కరెంటు తాళపు స్విచ్చి దారినను రాదు, సేఫ్టీ స్విచ్చి దారినను రాదు. అనగా కాపలా కుక్కను కట్టివేసి తలుపు తెరచినట్లే. ఈ విధముగ ప్రాణములు పోవుట మన దేశముననే గాక ట్రాక్టరున్న ప్రతి దేశముననూ జరుగుచున్నది.

“ఎన్నో ఏండ్లుగా ఇట్లే తిప్పుచున్నాము, ఏమియు కాలేదు కదా” అని కొందరందురు. ఏమియు కాకపోవుటకు కారణము, ఆ దినములన్నిటను గేరు న్యూట్రలులో ఉండుటయే. మన పల్లెలలో చేతిబ్రేకు సరిగా పట్టని పాత బండిని గేరులో వేసి నిలుపు అలవాటు గలదు. నిన్న రాత్రి బండిని నిలిపినవాడు అన్న, నేడు ఉదయము స్టార్టు చేయువాడు తమ్ముడు. లేదా నడుమ ఇంటి పిల్లవాడెవడో ఎక్కి ఆటగా గేరు కదిపి ఉండవచ్చును. నేలపై నిలిచినవానికి ఈ సంగతి తెలియు మార్గము లేదు.

మరి మూడు ‘డైరెక్టు’లు

ఫ్యూజు తరచుగా పోవుచున్నదని రాగితీగ పోగులను మెలివేసి దాని స్థానమున కట్టుట రెండవ డైరెక్టు. 55 వాట్ల ముందు దీపములు రెండు కలిసి 12 వోల్టుల వద్ద సుమారు 9 ఆంపియర్లు లాగును. వానికి 15 ఆంపియర్ల ఫ్యూజు చాలును. ఎక్కడనో తీగ ఒరిసి బాడీకి తగిలినప్పుడు ఆ ఫ్యూజు కరిగి బండిని కాపాడును. రాగిపోగులు కట్టినచోట అవి కరుగవు. వానికి బదులు తీగలపై తొడుగు కరుగును. డీజిలు గొట్టము ప్రక్కనే, వెనుక ట్రాలీలో వరిగడ్డియో పత్తియో ఉండగా ఈ కరుగుట ఎంతదూరము పోవునో చెప్పనక్కరలేదు. ఫ్యూజు మరల మరల పోవుచున్నదన్న ఎక్కడనో తీగ తగులుచున్నదని అర్థము. ఆ చోటు వెదకుట మరమ్మతు, రాగి కట్టుట కాదు.

ఇంజను ఆపు సోలినాయిడును తప్పించుట మూడవ డైరెక్టు. కొన్ని బండ్లలో డీజిలు పంపుపై ఒక చిన్న సోలినాయిడు ఉండును. తాళము తెరచినప్పుడు అది డీజిలు దారిని తెరచును, మూసినప్పుడు మూయును. దాని తీగ కొన చిలుము పట్టినచో ఇంజను స్టార్టు కాదు. అప్పుడు లోపలి ముల్లును తీసివేసి పని జరుపుదురు. ఆ దినము మొదలు తాళముతో ఇంజను ఆగదు. ఆపద సమయమున, ఎవరి బట్టయో పి.టి.ఓ. షాఫ్టుకు చుట్టుకొన్నప్పుడు, తాళము మూసినను ఇంజను ఆగకున్న గతి ఏమి?

రెగ్యులేటరును తప్పించుట నాలుగవది. చార్జింగు లేదని ఫీల్డు తీగకు నేరుగా కరెంటు ఇచ్చినచో చార్జింగు వచ్చును, కాని దానికి అదుపుండదు. బ్యాటరీ నీరు మరగి ఎండిపోవును, దీపములు మాడిపోవును. బ్యాటరీ నుండి వెలువడు వాయువు నిప్పురవ్వ తగిలిన ప్రేలును.

భాగము ఎందుకు చెడును?

ఈ భాగములు చెడుటకు కారణములు మాయ ఏమియు కావు. దమ్ము చేయునప్పుడు బురదనీరు సెల్ఫు మీదికి చిమ్మును. వేసవిలో కదలక నిలిచిన బండిలో ఎలుకలు తీగలు కొరకును. ఇంజను వేడికి తీగపై తొడుగు పెళుసగును. కుదుపులకు బోల్టులు వదులగును. ఎరువుల బస్తాలు మోసిన బండ్లలో ఆ ఎరువు తేమతో చేరి ఇత్తడి, రాగి కొనలను తినివేయును. అన్నిటికన్న ముఖ్యమైనది చిలుము. రెండు లోహపు ముఖములు కలియుచోట పచ్చని, తెల్లని పొర పేరుకొని కరెంటు దారిని ఇరుకు చేయును.

ఈ ఇరుకు ఎంత స్వల్పమైనను సెల్ఫునకు చాల ఎక్కువ. సెల్ఫు తిరుగునప్పుడు 200 ఆంపియర్లు లాగుచున్నదనుకొనుడు. దారిలో ఒక ఓములో నూరవ వంతు అడ్డు ఉన్నను 2 వోల్టులు అచ్చటనే పోవును. 12 వోల్టుల బ్యాటరీ యొక్క బలము సెల్ఫును చేరుసరికి 10 మాత్రమే మిగులును. బ్యాటరీ మంచిదే, సెల్ఫు మంచిదే, నడుమ చిలుమే దోషి. ఇది తెలియక ఎందరో రైతులు మంచి బ్యాటరీని పాతసామానుకు వేసి క్రొత్తది కొనుచున్నారు. కొన్న మూడు నెలలకు మరల అదే మొర. గోటితో పోవుదానికి గొడ్డలి ఎత్తుట యనగా ఇదే.

పరీక్షించు క్రమము

ఏ భాగమునైనను మార్చుటకు ముందు పరీక్షించుడు. దీనికి రెండు పనిముట్లు చాలును. ఒకటి, రెండు తీగలు కట్టిన 12 వోల్టుల చిన్న బల్బు. రెండవది, పట్టణములోని విద్యుత్తు సామాను కొట్టులో దొరకు సాధారణ మల్టీమీటరు. పరీక్షకు ముందు గేరు న్యూట్రలులో ఉంచుడు, చక్రములకు రాళ్లు అడ్డు పెట్టుడు, స్టాపు మీటను లాగి ఉంచుడు. అప్పుడు సెల్ఫు తిరిగినను ఇంజను అందుకొనదు. తాళము త్రిప్పు మనిషి ఒకడు సీటుపై కూర్చుండవలెను.

మొదట బ్యాటరీని చూడుడు. రాత్రి అంతయు కదల్చక ఉంచిన మంచి బ్యాటరీ ఉదయమున 12.6 వోల్టులు చూపును. 12 వోల్టులే చూపినచో అది చాలవరకు ఖాళీ అయినదని గ్రహింపుడు. చార్జి చేయించి తరువాతి పరీక్షకు పొండు. నిండిన బ్యాటరీ కూడ సెల్ఫు తిరుగునప్పుడు సుమారు 9.6 వోల్టులకు దిగువకు పడినచో బ్యాటరీ బలహీనమైనదో, సెల్ఫు బిగిసి ఎక్కువ కరెంటు లాగుచున్నదో అయి ఉండును.

రెండవది ఎర్తు. మీటరు ఒక కొనను బ్యాటరీ ఎర్తు స్తంభముపై, రెండవ కొనను ఇంజను మీది శుభ్రమైన ఇనుముపై పెట్టి సెల్ఫు తిప్పించుడు. మీటరు అర వోల్టు మించి చూపినచో ఎర్తు దారిలో చిలుము గాని వదులు గాని ఉన్నది. అదే విధముగ బ్యాటరీ రెండవ స్తంభమునకు, సెల్ఫు బోల్టునకు నడుమ చూడుడు. ఇచ్చట కూడ అర వోల్టు మించరాదు. పాత ట్రాక్టర్లలో సెల్ఫు మొరాయింపునకు ఈ రెండు చోట్లనే ముందు వెదకవలెను.

మూడవది చెవి. తాళము త్రిప్పినప్పుడు టకటకమని వరుసగా శబ్దము వచ్చినచో తరచుగా బ్యాటరీ బలహీనతయో, వదులు తీగయో కారణము. ఒక్క టక్కు మాత్రము గట్టిగా వినబడి సెల్ఫు తిరుగనిచో సోలినాయిడు లోపలి రాగిముఖములు కాలి ఉండవచ్చును. ఏ శబ్దమును లేనిచో తాళపు స్విచ్చి, సేఫ్టీ స్విచ్చి, వాని నడుమ తీగ పరీక్షింపుడు. సోలినాయిడు యొక్క చిన్న తీగ కొనకు, ఎర్తుకు నడుమ బల్బు పెట్టి తాళము త్రిప్పించుడు. బల్బు వెలుగకున్న దోషము సోలినాయిడుకు ముందే ఉన్నది.

నాలుగవది చార్జింగు. ఇంజను ఓ మోస్తరు వేగమున తిరుగునప్పుడు బ్యాటరీ వద్ద 13.8 మొదలు 14.5 వోల్టుల వరకు ఉండవలెను. 13కు మించనిచో చార్జింగు లేదు. 15 దాటినచో రెగ్యులేటరు అదుపు తప్పినది.

ఏ భాగమునకు ఏ మరమ్మతు?

ఎర్తు, బ్యాటరీ కొనలు: ముందు ఎర్తు తీగను విప్పుడు, బిగించునప్పుడు దానిని చివర బిగింపుడు. కొనలను వేడినీటితో కడిగి, లోహము మెరయు వరకు రుద్ది, గట్టిగ బిగించి పైన వాజలీను గాని గ్రీజు గాని పూయుడు. ఎర్తు తీగ బిగించుచోట రంగును పూర్తిగ గీకివేయవలెను. రంగుపై బిగించిన ఎర్తు పేరునకే ఎర్తు.

సోలినాయిడు స్విచ్చి: పాత నమూనాలలో దీని మూత విప్పుటకు వీలుండును. లోపల ఒక రాగి బిళ్ల, రెండు బోల్టు ముఖములు కనబడును. సెల్ఫు కొట్టిన ప్రతిసారియు ఇవి కొద్దికొద్దిగ కాలి గుంటలు పడును. బిళ్లను తిరుగవేసి, బోల్టులను అరచుట్టు త్రిప్పినచో కాలని క్రొత్త ముఖములు ఎదురగును. ఇది ఒక పూట పని. లోపలి తీగచుట్ట మాడిన వాసన వచ్చినచో, మూత పగిలినచో మరమ్మతు వద్దు, అదే కొలతగల క్రొత్తది వేయించుడు.

తాళపు స్విచ్చి: పాత తాళములలో ఇత్తడి పలకలు అరిగి సోలినాయిడు లాగెడు పది, ముప్పది ఆంపియర్లను మోయలేకపోవును. దీనికి ఒక మంచి ఉపాయము గలదు. నాలుగు కాళ్ల సాధారణ రిలే నొకదానిని నడుమ వేసినచో తాళముపై భారము చాల తగ్గును. తాళపు తీగ రిలే యొక్క 86 అను కొనకు, ఎర్తు 85కు, బ్యాటరీ నుండి ఫ్యూజుతో కూడిన లావు తీగ 30కి, సోలినాయిడు చిన్నతీగ 87కు కట్టవలెను. ఒక్క సంగతి మరువరాదు. 86కు వచ్చు తీగ తప్పక సేఫ్టీ స్విచ్చి గుండనే రావలెను. అట్లు రానిచో రిలే కూడ మరియొక డైరెక్టే అగును.

సేఫ్టీ స్విచ్చి: ఇది తరచుగా బురద చేరియో, దానిని నొక్కు మీట వంగియో పని మానును. విప్పి శుభ్రపరచి, మీటను సరిచేసిన చాలవరకు బాగుపడును. అసలు స్విచ్చి దొరకనిచో, అట్లే నొక్కగా కలియు మరియొక దృఢమైన స్విచ్చిని అమర్చవచ్చును. అమర్చిన పిమ్మట చక్రములకు అడ్డుపెట్టి, స్టాపు మీట లాగి, సీటుపై కూర్చుండి, ఒక్కొక్క గేరులో వేసి తాళము త్రిప్పి చూడుడు. ఏ గేరులోను సెల్ఫు తిరుగరాదు. న్యూట్రలులో మాత్రమే తిరుగవలెను. అసలే ఈ స్విచ్చి లేని మిక్కిలి పాత బండ్లు కూడ కలవు. వానిని సీటుపై కూర్చుండి, గేరును చేతితో అటునిటు కదిపి న్యూట్రలు చూచుకొని, క్లచ్చి తొక్కి మాత్రమే స్టార్టు చేయవలెను.

డైనమో కటౌటు పెట్టె: పాత డైనమో బండ్లలో రెగ్యులేటరుతో కలిసి కటౌటు ఉండును. ఇంజను ఆగినప్పుడు బ్యాటరీ కరెంటు వెనుకకు డైనమోలోనికి పోకుండ ఇది దారిని తెంచును. దీని ముఖములు అంటుకొనిపోయినచో రాత్రికి రాత్రి బ్యాటరీ ఖాళీ యగును, డైనమో కూడ మాడవచ్చును. సన్నని గరుకు కాగితముతో ముఖములను మెల్లగ రుద్ది, స్పిరిటుతో తుడువవలెను. స్ప్రింగుల బిగువును మాత్రము తెలిసిన పనివాడే మీటరు చూచి సరిచేయవలెను. మిక్కిలి పాత బ్రిటిషు నమూనాలు కొన్నిటికి పాజిటివు ఎర్తు ఉండును. క్రొత్త బ్యాటరీ పెట్టునప్పుడు దీనిని చూడనిచో నష్టము కలుగును.

ఆల్టర్నేటరు: ఇంజను తిరుగుచుండగా బ్యాటరీ తీగ విప్పరాదు. విప్పినచో లోపలి డయోడులు, రెగ్యులేటరు కాలిపోవును. ట్రాక్టరుకు గాని, తగిలించిన ట్రాలీకి గాని వెల్డింగు చేయించునప్పుడు బ్యాటరీ తీగలు, ఆల్టర్నేటరు తీగలు విప్పించుడు. మూతవేసిన ఎలక్ట్రానిక్ రెగ్యులేటరు చెడినచో దానిని తెరచి ప్రయోజనము లేదు, మార్చవలసినదే. బ్రష్షులు అరిగినచో బ్రష్షులు మాత్రమే మార్పించుడు. వాని కొరకు ఆల్టర్నేటరు అంతయు మార్చనక్కరలేదు.

హీటరు ప్లగ్గులు: పాత డీజిలు జీపులలో ఒక్కొక్క సిలిండరునకు ఒక హీటరు ప్లగ్గు ఉండుట కలదు. మన మైదాన ప్రాంతములలో వీని అవసరము అంతగా తెలియదు గాని, లంబసింగి, పాడేరు, అరకు వంటి చోట్ల చలికాలపు ఉదయమున ఇవి లేనిదే ఇంజను అందుకొనుట కష్టము. కలుపు పట్టీని విప్పి ఒక్కొక్క ప్లగ్గును మీటరుతో చూడుడు. మంచిది ఒక ఓము దరిదాపుల చూపును. తెగినది ఏమియు చూపదు. ప్లగ్గులన్నియు మంచివై, వానికి కరెంటు రానిచో రిలే ముఖములు కాలినవని అనుమానింపవలెను. రిలే టక్కుమన్నంత మాత్రమున కరెంటు పోవుచున్నదని నమ్మరాదు, బల్బు పెట్టి చూడవలెను. హీటరు గల ఇంజనులోనికి ఈథరు చిమ్ముట ఎన్నడును చేయరాదు. అది ప్రేలుడునకు దారితీయును.

కొందరు చెప్పు అభ్యంతరములు

“పని దినములలో ఇవన్నియు ఎవరు చూతురు?” అని మీరు అడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. నారు ముదురుచుండగా, కాలువ నీరు వారబందీలో వచ్చి పోవుచుండగా, సెల్ఫు తిరుగని రైతు స్క్రూడ్రైవరు తీయుటలో ఆశ్చర్యము లేదు. అందుచేతనే ఈ పని వేసవిలోనే, ఏరువాకకు ముందుగనే ముగింపుమని చెప్పుచున్నాను. ఎద్దులకు లాడములు దుక్కి నడుమ కొట్టింపము కదా.

“పాత సామాను దొరకదు” అని మరికొందరందురు. ఇంజను లోపలి భాగముల విషయమున అది నిజము కావచ్చును. విద్యుత్తు భాగముల విషయమున అంత నిజము కాదు. రిలే, ఫ్యూజు, తీగ, బల్బు, నొక్కుడు స్విచ్చి మొదలగునవి ఏ కంపెనీ బండికైనను 12 వోల్టులవే సరిపోవును. కావలసినది ఏ తీగ ఎచ్చటికి పోవుచున్నదో తెలిసిన పనివాడు. పాత తీగలన్నియు ఒకే రంగునకు మాసిన బండిలో, మరమ్మతు చేయించునప్పుడే ఒక్కొక్క తీగకు చీటీ కట్టించి, కాగితముపై బొమ్మ గీయించి దాచుకొనుడు. రేపు మరియొక పనివాడు వచ్చినను అక్కరకు వచ్చును.

“ఖర్చు” అనువారికి ఒక్క మాట. నేను చెప్పిన మరమ్మతులలో పెక్కింటికి అయ్యెడు సామాను వెల ఒక ట్యాంకు డీజిలు వెలకన్న తక్కువ. అన్నిటిని బాగుచేయుమని కూడ నేను చెప్పుట లేదు. తొడుగు పెళుసై ముట్టుకొన్న రాలిపోవు తీగల కట్టను టేపు చుట్టి సాగదీయుట అవివేకము. దానిని మార్పించుటయే పొదుపు. పరీక్ష ముందు, నిర్ణయము తరువాత. అంతేగాని అనుమానముతో కొనుట గాని, తొందరతో తప్పించుట గాని తగదు.

వెనుక దీపములను గూర్చి కూడ ఇచ్చటనే చెప్పవలెను. తన పొలములో తిరుగు బండికి దీపమెందుకని అనిపించును. కాని చెరకు, వడ్లు, పత్తి వేసుకొని చీకటిపడిన తరువాత రోడ్డు ఎక్కు ట్రాలీకి వెనుక ఎర్రదీపము వెలుగనిచో, వెనుకవచ్చు మోటారు సైకిలు యువకుని ప్రాణము మీ చేతిలో ఉన్నట్లే. దోషము చాలవరకు ట్రాలీ ఎర్తు తీగలోనో, కలుపు సాకెట్టులోనో ఉండును. దీపములు బాగుచేయించి, వెనుక ఎర్రని ప్రతిఫలించు పట్టీలు కూడ అంటింపుడు. 15 ఏండ్లు నిండిన ట్రాక్టరుకు తనిఖీ పొంది రిజిస్ట్రేషను పునరుద్ధరించుకొనునప్పుడు కూడ ఈ మరమ్మతులు మీకు అక్కరకు వచ్చును.

గ్రామాధికారులకు మనవి

గ్రామ స్థాయిలో పనిచేయు వ్యవసాయ సహాయకులు, విస్తరణాధికారులు విత్తనములను, ఎరువులను గూర్చి చెప్పునట్లే ఈ సంగతిని కూడ రైతులకు చెప్పవలెనని నా కోరిక. దీనికి పెద్ద ఏర్పాట్లు అక్కరలేదు.

తొలకరికి ముందు గ్రామమున ఒక దినము పాత ట్రాక్టర్లను ఒకచోట చేర్పించి, దగ్గరి పట్టణము నుండి ఒక ఆటో ఎలక్ట్రీషియనును పిలిపింపుడు. బండికి అయిదు సంగతులు మాత్రము చూపింపుడు: బ్యాటరీ, ఎర్తు, సేఫ్టీ స్విచ్చి, ఫ్యూజులు, వెనుక దీపములు. బాగున్నదేదో, లేనిదేదో ఒక కాగితముపై వ్రాసి రైతుకు ఇప్పింపుడు.

యంత్రములను అద్దెకిచ్చు సంఘములలో ఈ జాగ్రత్త మరింత అవసరము. అచ్చట బండి ఒకరిది, నడుపువాడు ఒకడు, పని చేయించుకొనువాడు మరియొకడు. అట్టి బండిలో సేఫ్టీ స్విచ్చిని తప్పించి ఉన్నచో ఆ సంగతి ఎవరికిని తెలియదు. బాగుపడువరకు ఆ బండిని పనికి పంపరాదని సంఘము ఒక నియమము పెట్టుకొనవలెను. సంఘమునకు ఒక మల్టీమీటరు, ఒక పరీక్ష బల్బు, కొన్ని ఫ్యూజులు ఉండవలెను.

యంత్రములపై ఆసక్తిగల గ్రామ యువకులను గుర్తింపుడు. అనంతపురము జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వము వారి దక్షిణ ప్రాంత వ్యవసాయ యంత్రముల శిక్షణ, పరీక్షా సంస్థ గలదు. ఐ.టి.ఐ.లలో ట్రాక్టరు మెకానిక్కు కోర్సు గలదు. రెండు మూడు గ్రామములకు ఒక్కడైనను తీగల పని నేర్చిన యువకుడున్నచో, అతనికి జీవనోపాధి, రైతులకు నిశ్చింత.

చివరగా ఒక ముఖ్యవిషయము. ట్రాక్టరు ప్రమాదము జరిగినప్పుడు ‘ట్రాక్టరు క్రింద పడి’ అని మాత్రమే వ్రాసి ఊరుకొనవద్దు. బండిని ఏ విధముగ స్టార్టు చేసిరి, గేరు ఎందులో ఉన్నది, సేఫ్టీ స్విచ్చి ఉన్నదా, పనిచేయుచున్నదా అని విచారించి వ్రాయుడు. కారణము వ్రాసిననాడే కదా మరియొక గ్రామము దానిని చదివి జాగ్రత్తపడును.

రైతు సోదరులారా, పాత ట్రాక్టరును వదలుకొనుమని ఈ వ్యాసము చెప్పుట లేదు. బాగుగ చూచుకొన్నచో అది మీకు మరెన్నో పంటలు పండించును. ఈ వారముననే తీరిక చేసికొని మీ బండి సెల్ఫు వద్దకు పోయి చూడుడు. సోలినాయిడు బోల్టుల మీద స్క్రూడ్రైవరు కాల్చిన నల్లని గుంటలు కనబడిన యెడల, మీ ఇంట ఎవరో ఆ అలవాటులో ఉన్నారని తెలిసికొనుడు. వారిని పిలిచి నెమ్మదిగా చెప్పుడు. పనివానిని పిలిపించి స్విచ్చి బాగుచేయింపుడు. అది అగువరకు తాళము మీయొద్దనే ఉంచుకొనుడు.